పిల్లల కాళ్ళు, పిల్లల జోళ్ళు



బడులు తెరిచే రోజులు దగ్గరపడగానే మన ఇళ్ళలో ఒక జాబితా తయారవుతుంది. నోటు పుస్తకాలు, అట్టలు, సంచి, యూనిఫారం గుడ్డ, కుట్టుకూలి, బస్సు పాసు. ఆ జాబితా అడుగున, అన్నీ పోగా మిగిలిన డబ్బుతో కొనవలసిన వస్తువుగా, బూట్లు ఉంటాయి. కొనేటప్పుడు కూడా ఊరూరా వినిపించే సూత్రం ఒక్కటే: "పెరిగే పిల్లలు కదా, రెండు సైజులు పెద్దవి తీసుకుందాం." నేను ఈ వ్యాసంలో మీతో మాట్లాడదలచినది ఆ రెండు సైజులను గురించే.

తెలుగు చదువులను గురించి రాసే చోట బూట్ల ప్రసక్తి ఏమిటని మీరు అడగవచ్చు. రాష్ట్రం వెలుపల తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల సంగతి తెలిసినవారికి ఆ సంబంధం చెప్పనక్కరలేదు. మన పిల్లలలో చాలామందికి ఇంటి పక్కన ఉన్న బడి తమ భాష బడి కాదు. కృష్ణగిరి జిల్లాలోని పల్లెలనే తీసుకోండి. వీధి చివర తమిళ మాధ్యమం బడి ఉంటుంది; తెలుగు తరగతులు ఉన్న బడి పక్క ఊళ్ళో ఉంటుంది. సరిహద్దుకు అవతల కన్నడ బడుల నడుమ ఉన్న తెలుగువారి పరిస్థితీ ఇంచుమించు ఇటువంటిదే. అంటే, తెలుగులో చదువుకునే బిడ్డ తరచుగా ఒక బడిని దాటుకొని ఇంకొక బడికి నడవవలసి వస్తుంది. ఆ నడకలో పాదం ఒరుసుకుపోతే మొదట దెబ్బ తినేది హాజరు. తరువాత ఆట. ఆ తరువాత, "అంత దూరం నడవలేకున్నాడు, దగ్గరి బడిలో వేసేద్దాం" అన్న మాట ఇంట్లో పుడుతుంది. మనం భాషాభిమానాన్ని గురించి ఎంత ఉపన్యసించినా మడమ మీది పుండుకు అది మందు కాదు.

కొన్నేళ్ళ క్రితం నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తొక్కుడుబిళ్ళలో ఆమెను మించినవారు ఆ తరగతిలో లేరు. జూలై నెలలో ఆట మానివేసింది. విరామంలో గోడకు ఆనుకొని నిలబడేది. ఉదయం రెండవ గంట దాటాక వచ్చేది. "బూట్లు బిగుతుగా ఉన్నాయా?" అని అడిగితే, "టైట్ లేదు సార్" అని నిజమే చెప్పింది. బిగుతు ఎక్కడిది? బూటు విప్పి చూస్తే ముందు భాగంలో తమిళ దినపత్రిక కాగితం ఉండచుట్టి కూరి ఉంది. రెండు మడమల వెనుక చర్మం లేచిపోయి, మేజోడు పుండుకు అతుక్కొని ఉంది. మరునాడు తల్లి వచ్చింది. "ఏమి చేసేది సార్, వచ్చే ఏడుకి కూడా రావల్ల గదా" అన్నది. ఆ మాటలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. కూలి డబ్బుతో బూట్లు కొనే తల్లి లెక్క అది. ఆమె చెప్పిన రెండవ మాట నన్ను కలవరపెట్టింది: పాపకు బడి అంటే మనసు లేనట్లుంది కనుక, దసరా తరువాత వీధి చివరి బడికి మార్చాలని వాళ్ళు అనుకొంటున్నారట. బిడ్డకు బడి మీద మనసు పోలేదు; నడక మీద పోయింది. మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకొని రావడానికి ప్రధానోపాధ్యాయులు అనుమతించారు. పుండు మానిన తరువాత ఆమె మళ్ళీ తొక్కుడుబిళ్ళ గీతలు గీసింది. అయిదో తరగతి కూడా మా బడిలోనే ముగించింది.

ఆ తల్లి లెక్కను మనం గౌరవంగానే తీసుకొని, అంకెలతో పరిశీలిద్దాం.

మన దుకాణాలలో ఎక్కువగా కనబడే బ్రిటిషు అంకెల పద్ధతిలో ఒక సైజుకు, దాని తరువాతి సైజుకు మధ్య తేడా అంగుళంలో మూడవ వంతు. అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. రెండు సైజులంటే 17 మిల్లీమీటర్లు. సరిగా అమరిన బూటులోనే పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు పైచిలుకు ఖాళీ ఉండాలి. దానికి ఈ 17 మిల్లీమీటర్లు కలిపితే వేళ్ళ ముందు అంగుళానికి పైగా ఖాళీ మిగులుతుంది. మరి పాదం ఎంత వేగంగా పెరుగుతుంది? నడక నేర్చిన తొలి సంవత్సరాలలో పెరుగుదల చాలా చురుకు. అయిదేళ్ళు దాటిన తరువాత అది నెమ్మదించి, పాదం ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఈ లెక్కన రెండు సైజులు పెద్దదైన బూటు ఆ పాదానికి సరిపోవడానికి ఏడాదిన్నరకు పైగా పడుతుంది. మట్టిరోడ్ల మీద నడిచే పిల్లల బూటు ఏడాదిన్నర నిలుస్తుందా? అడుగుభాగం అరిగి, కుట్లు ఊడి, పాదానికి సరిపోయే రోజు వచ్చేసరికి బూటు చెత్తకుప్ప చేరి ఉంటుంది. అంటే ఆ జత తన జీవితకాలంలో ఒక్కరోజైనా ఆ బిడ్డకు సరిపోలేదన్నమాట. ఆదా అనుకొన్నది ఆదా కాదు.

అదే ఒక సెంటీమీటరు పైచిలుకు ఖాళీతో కొన్న బూటు చూడండి. జూన్‌లో కొంటే మొదటిరోజునుంచే సరిపోతుంది, పెరుగుదలకు చోటిస్తుంది, మరుసటి వేసవి నాటికి బిగుతు పడుతుంది. ఒక విద్యాసంవత్సరానికి ఒక జత అన్న లెక్క చాలామంది పిల్లల విషయంలో ఇలాగే నిలుస్తుంది. పెరుగుదల అందరిలో ఒకేలా ఉండదు కనుక నడుమ ఒకసారి, దసరా సెలవులలోనో అర్ధసంవత్సర పరీక్షల తరువాతనో, కొలిచి చూసుకోవాలి. మూడేళ్ళ లోపు పసివారికైతే రెండు మూడు నెలలకు ఒకసారి, ఆరేళ్ళ లోపు వారికి నాలుగు నెలలకు ఒకసారి చూడడం మేలు.

ఇంత శ్రద్ధ అవసరమా అన్న సందేహానికి సమాధానం పాదం నిర్మాణంలోనే ఉంది. పెద్దవారి పాదంలో 26 ఎముకలు ఉంటాయి. పసిబిడ్డ పాదంలో వాటిలో పెక్కు ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. అవి పూర్తిగా గట్టిపడి ఎముకలుగా కుదురుకొనేది పదహారు పదిహేడేళ్ళు దాటే వయసులోనే. మెత్తని ఎముక బూటు ఒత్తిడికి లొంగుతుంది. లొంగుతున్నప్పుడు పెద్దగా నొప్పి చెప్పదు. పెద్దవారు ఇరుకు బూటును అరగంటలో విప్పి పారవేస్తారు. బిడ్డ అదే ఇరుకులో వేళ్ళు ముడుచుకొని నెలలు గడిపివేస్తాడు. నొప్పి లేదన్నాడు కాబట్టి బూటు సరిపోయిందని అనుకొనరాదు.

ఇరుకు బూటు కీడు మనకు తెలిసినదే: వేళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కడం, గోరు పక్క చర్మంలోకి గుచ్చుకొనడం, ఆనెలు కాయడం. అసలే గోరుచుట్టు ఉన్నప్పుడు ఆ బూటుతో పరుగెత్తమంటే అది అక్షరాలా గోరుచుట్టుపై రోకటిపోటే. వదులు బూటు కీడు మాత్రం మన కంటికి ఆనదు. బూటు జారిపోకుండా ఉండేందుకు బిడ్డ ప్రతి అడుగులోనూ వేళ్ళతో నేలను పట్టుకొన్నట్లు నడుస్తాడు. మడమ లేచినప్పుడల్లా బూటు వెనుకభాగం చర్మాన్ని ఒరుస్తుంది. బూటు వంగవలసిన చోట పాదం ఉండదు. పాదం వంగేచోట బూటు వంగదు. మెట్లెక్కేటప్పుడు ముందుభాగం తగిలి పడిపోతాడు. మనం "వీడికి నడక రాదు, తొందర ఎక్కువ" అంటాం.

ఇప్పుడు కొలత సంగతి. పూర్వం సంతకు వెళ్ళే తండ్రి బిడ్డ పాదాన్ని చీపురుపుల్లతోనో దారంతోనో కొలిచి, ఆ పుల్లను తలపాగాలో దోపుకొని వెళ్ళేవాడు. ఆ పద్ధతిని నవ్వులాటగా తీసుకోకండి. కొద్దిగా సవరించుకొంటే ఈనాటికీ అంతకన్నా నమ్మకమైన పనిముట్టు మన ఇళ్ళలో లేదు.

సాయంకాలం కొలవండి, పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. గోడకు ఆనించి నేలమీద ఒక కాగితం పరవండి. బిడ్డను మేజోళ్ళతో, మడమ గోడకు తగిలేలా, రెండు కాళ్ళమీదా బరువు వేసి నిలబడమనండి. కూర్చోబెట్టి కొలిస్తే పాదం పొట్టిగా వస్తుంది. పెన్సిలును నిటారుగా పట్టుకొని అన్నిటికన్నా పొడవైన వేలి కొసన గీత గీయండి. అది బొటనవేలే కానక్కరలేదు. చాలామందికి రెండవ వేలు పొడవు. రెండు పాదాలూ కొలవండి. అవి సమానంగా ఉండడం అరుదు, పెద్దదానినే లెక్కలోకి తీసుకోండి. ఇప్పుడు ఆ పొడవుకు 12 మిల్లీమీటర్లు కలిపి, పాత అట్టపెట్టెనుంచి వేలెడు వెడల్పున ఒక పట్టీ కత్తిరించండి. దుకాణంలో ఆ పట్టీని బూటులోపల మడమదాకా పెట్టిచూడండి. ముడత పడకుండా సరిగా కూర్చుంటే పొడవు సరిపోయినట్లే. వంగితే బూటు చిన్నది. పట్టీ లోపల చాలా ముందుకూ వెనక్కూ జారుతుంటే పెద్దది.

ఈ పట్టీ ఎందుకంటే, బూటుమీది అంకె కొలత కాదు. ఒక సంస్థ వేసే 12 మరొక సంస్థ వేసే 12 తో సమానం కాకపోవచ్చు. పైగా బ్రిటిషు పద్ధతిలో పిల్లల అంకెలు 13 దాకా వెళ్ళి, ఆ తరువాత 14 రాక మళ్ళీ 1 నుంచి మొదలవుతాయి. "మావాడికి 2" అంటే అది పాలుతాగే బిడ్డ అంకో, పదేళ్ళు దాటిన బిడ్డ అంకో విడిగా చెబితే తప్ప తెలియదు. యూరపు అంకెలైతే ఒక్కొక్కటి సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. ఇన్ని లెక్కల నడుమ బిడ్డ పాదంనుంచి నేరుగా వచ్చిన అట్టముక్క ఒక్కటే అబద్ధమాడదు.

ఈ అంకెలు మన పాదాలను చూసి పెట్టినవి కావు. చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాలతో కొలిపించింది. భారతీయుల పాదాలు సాధారణంగా పాశ్చాత్యుల పాదాలకన్నా వెడల్పైనవని ఆ సర్వేలో తేలింది. ఆ కొలతల ఆధారంగా ‘భా’ అనే పేరుతో, పసివారు మొదలు పెద్దలవరకు వయసులవారీగా ఎనిమిది వర్గాలతో ఒక భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. 2024లో ఇది పత్రికలలో విరివిగా వచ్చింది. మనకు దీనినుంచి అందే పాఠం ఒకటుంది. పొడవు సరిపోయినా పక్కలు ఇరుకవుతున్నాయని మన పిల్లలు అంటే అది గారాబం కాదు. ఆ ఇరుకును తప్పించుకోవడానికే మనలో చాలామంది పొడవైన బూటు కొంటారు. వెడల్పు చాలనప్పుడు పొడవు పెంచడం సరైన మందు కాదు. ముందుభాగం గుండ్రంగా, విశాలంగా ఉన్న వేరే నమూనా వెదకాలి.

దుకాణానికి బిడ్డను వెంట తీసుకొని వెళ్ళండి. రెండు కాళ్ళకూ తొడిగించి, లేసులు పూర్తిగా కట్టి, నాలుగడుగులు నడిపించండి. మడమ బూటులోంచి పైకి లేస్తోందేమో వెనుకనుంచి చూడండి. బూటును చేతిలోకి తీసుకొని వంచండి; అది వేళ్ళ మొదలున వంగాలి, మధ్యలో కాదు. మనం బొటనవేలితో బూటు కొసను నొక్కి చూసే అలవాటు ఉంది. అలా నొక్కగానే పిల్లలు లోపల వేళ్ళు ముడుచుకొంటారు. ఉన్న ఇరుకు మనకు తెలియదు. దానికి బదులు, బూటు లోపలి మెత్తని అట్ట ఊడివచ్చేదైతే, దాన్ని నేలమీద పెట్టి దానిమీద బిడ్డను నిలబెట్టండి. వేళ్ళ ముందు ఎంత చోటుందో, పక్కలనుంచి పాదం ఎంత బయటికి వస్తోందో కళ్ళకు కట్టినట్లు కనబడుతుంది.

"సరిపోయిందా?" అని మాత్రం అడగకండి. మడమలో దీపాలు వెలిగే బూటును చూసిన బిడ్డ సరిపోలేదని ఎన్నడైనా అంటాడా? "ఎక్కడ తగులుతోంది? ఏ వేలు నొక్కుతోంది? వెనుక ఒరుసుకొంటోందా?" అని అడగండి. ఇక్కడే మన ఉపాధ్యాయుల పని మొదలవుతుంది.

మన పిల్లలకు బూటును గురించి తెలిసిన మాటలు రెండే: టైట్, లూజ్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, దుకాణంలో అన్నీ కలిసిన భాష. ఈ మూడింటి నడుమ మడమకు, మీగాలికి, చీలమండకు, చిటికెనవేలికి ఏ భాషలోనూ పేరు స్థిరపడని పిల్లలను నేను ఏటేటా చూస్తున్నాను. నొప్పికి చోటు చెప్పలేని బిడ్డ నొప్పిని దాచుకొంటాడు. బిగుతు, ఇరుకు, వదులు, నొక్కడం, గుచ్చడం, ఒరుసుకోవడం, జారడం, కరవడం: ఇవి వేరువేరు బాధలు, వేరువేరు లోపాలు. నొక్కితే ఇరుకు, ఒరిస్తే వదులు, గుచ్చితే లోపల మేకో కుట్టో లేచింది. ఈ మాటలు తెలిసిన బిడ్డ తన పాదానికి తానే వైద్యుడికి చెప్పినట్లు చెప్పగలడు. మాతృభాషలో చదువు ఎందుకన్న ప్రశ్నకు నాకు దొరికిన చిన్న సమాధానాలలో ఇదొకటి.

మూడు, నాలుగు తరగతులలో దీన్ని ఒక వారం పాఠంగా చేయవచ్చు. పిల్లలందరి పాదాలనూ పాత కాగితాలమీద గీయించండి. భాగాలకు పేర్లు రాయించండి. స్కేలుతో కొలిపించి సెంటీమీటర్లలో నమోదు చేయించండి. గణితమూ ముగుస్తుంది, భాషా ముగుస్తుంది. అడుగు అన్న మాట నడకలో ఒక అంగ, పన్నెండు అంగుళాల కొలత, వస్తువు కిందిభాగం, ఈ మూడింటికీ ఎలా చెల్లుతుందో చర్చ పెట్టండి. చెప్పు, జోడు, పావుకోడు, ముచ్చె, మేజోడు అన్న మాటలను బల్లమీద రాయండి. తెలుగు చెప్పు, తమిళ చెరుప్పు, కన్నడ కెర ఒకే మూలంనుంచి వచ్చిన మాటలు. మనకు చెప్పు కరిచినట్లే తమిళులకూ చెరుప్పు కడుస్తుంది. పక్కింటి భాషతో మన భాషకున్న చుట్టరికం పిల్లలకు కాలికిందనే దొరుకుతుంది. ఆ కాగితాలను దాచి, జనవరిలో మళ్ళీ గీయించి పక్కపక్కన పెట్టండి. తాము పెరిగామని పిల్లలు తమ కళ్ళతో చూస్తారు. ఎవరి బూటు మార్చాలో మీకు తెలుస్తుంది.

ఆ పాఠానికి వీలైతే చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరిని గౌరవంగా పిలవండి. తమిళనాడులో, ముఖ్యంగా పశ్చిమ జిల్లాలలో, తోలుపని చేసిన కుటుంబాలలో ఇంట తెలుగు మాట్లాడేవారు తరతరాలుగా ఉన్నారు. ఆరె అన్న మాట, బొటనవేలు దూర్చే ఉంగటం అన్న మాట మన నిఘంటువుల్లో నిద్రపోతుంటే వారి నోట బ్రతికి ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. తండ్రి పనిని పేరుగా పెట్టి తోటిపిల్లలు చిన్నబుచ్చితే ఆ బిడ్డ బడి మానడానికి ఇక బూటు కరవనక్కరలేదు. ఆ పని తెలిసినవారిని ఉపాధ్యాయుడి కుర్చీ పక్కన కూర్చోబెట్టి మాట్లాడించడం కన్నా మంచి మందు నాకు తెలియదు. పట్టీకి ఇంకొక రంధ్రం వేయడం, బిగుసుకొన్న తోలును సాగదీయడం, లేచిన మేకును అణచడం వంటి చిన్న పనులతో ఆయన ఒక జతకు ఇంకొన్ని నెలల ఆయుష్షు పోయగలడు.

ఇక ప్రభుత్వం ఇచ్చే పాదరక్షల మాట. తమిళనాడులో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు పాదరక్షలు ఉచితంగా ఇస్తున్నారు. కర్ణాటకలో 2015-16లో మొదలైన ‘షూ భాగ్య’ పథకం కింద ఒక జత నల్ల బూట్లు, రెండు జతల తెల్ల మేజోళ్ళు ఇస్తారు. అక్కడ కొనుగోలు చేసేది బడి అభివృద్ధి పర్యవేక్షణ సమితి, అంటే తల్లిదండ్రులే. ఇటువంటి పథకాలలో బిడ్డ పాదానికి, వచ్చే జతకు మధ్య ఉండేది మనం రాసిపంపే అంకె. తరగతిలో చేతులెత్తించి రాసే అంకెకు, పాదం గీసి కొలిచి రాసే అంకెకు ఎంతో తేడా. కొలిచిన నాటికి, బూట్లు అందే నాటికి మధ్య ఎన్ని నెలలు పడుతుందో మీ అనుభవంలో చూసి, ఆ మేరకు కొద్దిగా కలిపి రాయండి. సమితిలో మన తెలుగు తల్లిదండ్రులు ఉంటే ఈ అట్టపట్టీ పద్ధతి వారి చేతికి ఇవ్వండి. సరిపోని జత వస్తే, అన్నదమ్ముల మధ్య, తరగతుల మధ్య మార్పిడి చేయించండి. అట్టకు అట్ట పోల్చితే పావుగంట పని.

ఒక జత కొనడమే భారమైన ఇళ్ళున్నాయి. వారికి ఖరీదైన బూట్లను గురించి బోధించడం నా ఉద్దేశం కాదు. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2,300 మంది పాదముద్రలను పరిశీలించి 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాదం అడుగున వంపు లేని చదునుపాదం బూట్లు, చెప్పులు వేసుకొనేవారిలో 8.6 శాతం మందికి, చెప్పులు లేకుండా తిరిగేవారిలో 2.8 శాతం మందికి కనబడింది. మూసి ఉండే బూట్లు వేసుకొనేవారిలోనే అది ఎక్కువ. కాబట్టి ఇంట్లో, వాకిట్లో ఉత్త కాళ్ళతో ఆడుకొనే బిడ్డను చూసి నొచ్చుకోకండి; ఆ పాదం బలపడుతోంది. పసివారి పాదం చదునుగా ఉండడం సహజం. వంపు ఏర్పడడానికి ఆరేళ్ళ వయసు దాకా పట్టవచ్చు. అయితే ముళ్ళు, గాజుపెంకులు, అరికాలి చర్మంగుండా లోపలికి చేరే కొంకిపురుగు ఉన్న దారుల్లో, దొడ్డివైపు తడినేలలో, పాదరక్ష తప్పనిసరి. చేతిలో ఉన్న డబ్బుకు సరిగా అమరని మూసిన బూటుకన్నా, ముందు తెరచి, వెనుక పట్టీ ఉండి, బిగించి వదలడానికి వీలున్న చవక చెప్పు మేలు. పెరిగే కాలికి అది తానే చోటిస్తుంది. నియమాల పేరుతో ఆ చెప్పును బడి గేటు దగ్గర ఆపకుండా చూడవలసినది మనం.

అన్న బూటు తమ్ముడికి దించడంలోనూ తప్పు లేదు, రెండు చూసుకొంటే. లోపలి అట్టమీద అన్న వేళ్ళ గుంటలు లోతుగా పడి ఉంటే ఆ అట్టను మార్చండి. మడమ ఒకవైపే అరిగి ఉంటే ఆ జతను దించకండి. తమ్ముడి నడకను అది అన్న నడకవైపు లాగుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు చివరగా ఒక విన్నపం. మనం పిల్లల చేతిరాత చూస్తాం, ఉచ్చారణ వింటాం, గోళ్ళు కత్తిరించుకొన్నారో లేదో పరీక్షిస్తాం. ఈ వారం ప్రార్థన ముగిసి వరుసలు తరగతులకు కదిలేటప్పుడు ముఖాలను వదిలి ఒక్కసారి కాళ్ళవైపు చూడండి. ఎవరు మడమ ఈడుస్తున్నారు, ఎవరు బూటు వెనుకభాగాన్ని తొక్కి చెప్పులా చేసుకొన్నారు, ఎవరు మునివేళ్ళమీద నడుస్తున్నారు, అన్నది గమనించండి. ఆ పిల్లలను ఆ సాయంత్రమే గోడ పక్కన కాగితంమీద నిలబెట్టి ఒక గీత గీసి, అట్టపట్టీ ఒకటి కత్తిరించి సంచిలో పెట్టి పంపండి. తల్లిదండ్రులకు వేరే ఉత్తరం అక్కరలేదు. పట్టీమీద బిడ్డ పేరు, తేదీ తెలుగులో రాస్తే చాలు.